ఆగినప్పుడల్లా ఉన్నవాడు

"ఆయన్ను ముందు ఎక్కనీయొద్దు" అన్నాడు డ్రైవరు దండపాణి, స్టీరింగును పాత గుడ్డతో తుడుస్తూ.

కండక్టరు వెంకటపతి టికెట్ల కట్టలను తోలు సంచిలో సర్దుకుంటున్నాడు. ఎవరిని అని అడగబోయి, తలెత్తి చూసి ఊరుకున్నాడు. కే.జీ.కండిగై స్టాపులో అప్పటికి ఒకే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నేతవీధి శివప్రకాశం. భుజం మీద లుంగీల మూట, నుదుట విభూతి, ఉతికి ఉతికి పలచబడిన తెల్లచొక్కా. ప్రతి మంగళవారం, సంత రోజున, తిరువళ్ళూరు జవుళికొట్టుకు సరుకు తీసుకుపోతాడు. బండి కండిగై నుంచే బయలుదేరుతుంది కాబట్టి, మూటకు సీటు కింద చోటు దొరకాలని అందరికన్నా ముందొచ్చి ఎక్కుతాడు.

"యాలన్నా?" అని కారణం అడిగాడు వెంకటపతి.

"యాలనా? పోయిన సంతకు ముందెక్కింది ఆయనే. కనకమ్మసత్రం దాటీ దాటకనే బండి కాగి నిలిచిపోయింది. అంతకుముందు సంతకూ ఆయనే. అప్పుడూ నిలిచిపోయింది. నువ్వుండావు కదా, నీళ్ళు మోసినావు కదా."

"మోసినా."

"మరి? ఆ మనిషి రాశి సరిలేదు. ఇంకొకసారి ఇంజను కాగిందంటే స్టీరింగు దిగి ఇంటికి పొమ్మన్నాడు బండి మొదలాళి. నేను యాడికి పోయేది?"

వెంకటపతి బండి దిగాడు. ఆ మాట తనకూ ఒకసారి తోచిందే. రేడియేటరు పొంగి ఆవిరి కొడుతున్నప్పుడు, రోడ్డు పక్కన చింతచెట్టు కింద మూట మీద చేయి వేసుకొని నిలబడిన శివప్రకాశాన్ని చూసి, పోయినసారీ ఈయనే కదా అనుకున్నాడు. అనుకొని మరిచిపోయాడు. ఇప్పుడది ఇంకొకరి నోట వినేసరికి నిజంలా ఉంది.

"అన్నా, కొంచెం ఉండు. ఇంకెవరన్నా ఎక్కినాక ఎక్కుదువులే."

శివప్రకాశం ఎందుకని అడగలేదు. మూటను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకొని పక్కకు జరిగాడు. సంతకు వచ్చినవాళ్ళు ఒకరొకరే ఎక్కారు. కోళ్ళగంపలామె ఎక్కింది, పాలక్యాన్లాయన ఎక్కాడు. చివరికి శివప్రకాశం మెట్టు మీద కాలు పెట్టేసరికి దండపాణి వెనక్కి తిరిగి గట్టిగా హారన్ కొట్టాడు.

"ఈ పొద్దుకు వద్దంటే వద్దు. ఆయన్ను దించు వెంకటపతీ."

బండి నిండా మనుషులు. ఎవరూ ఎందుకు అనలేదు. ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. ఈ మాట వాళ్ళ మధ్య ముందే తిరిగి ఉండాలి. శివప్రకాశం మెట్టు మీది కాలు తనే తీసుకున్నాడు. వెంకటపతి ఆయన మొహం చూడకుండా విజిల్ వేశాడు. "రైట్, పోలాం!"

బండి మలుపు తిరిగేటప్పుడు వెనక తలుపులోంచి చూశాడు. శివప్రకాశం చెయ్యెత్తి ఉన్నాడు. ఆపమని కాదు. పరవాలేదు, పొండి అన్నట్టు.

ఆ రోజు బండి ఎక్కడా ఆగలేదు. చిత్తిరె నెల ఎండలో తిరుత్తణి దాటి, కనకమ్మసత్రం దాటి, నల్లేరు మీద బండిలా తిరువళ్ళూరు చేరింది. స్టాండులో టీ తాగుతూ దండపాణి, "చూసినావా?" అన్నాడు. కోళ్ళగంపలామె కూడా, "చూసినారా మరి" అంది. వెంకటపతి తల ఊపాడు.

తిరుగు ట్రిప్పులో ఎవరిదో సైకిలు దించడానికి నిచ్చెన పట్టుకొని టాపు ఎక్కాడు. ఎక్కినవాడు అక్కడే కాసేపు నిలబడిపోయాడు. టాపు ఖాళీగా ఉంది. పొద్దున కూడా ఇంతే. కండిగై బెల్లం మండీలో కూలివాళ్ళు రెండు రోజులుగా పని మానేశారు. సంత రోజంటే తాళ్ళు బిగించడానికి వీల్లేనంత బెల్లం మూటలు ఎక్కాల్సిన చోట ఈ రోజు ఒక సైకిలూ నాలుగు బుట్టలూ తప్ప ఏమీ లేవు.

"ఏమప్పా, ఆడనే నిద్రపోయినావా?" అని కింద నుంచి సైకిలాయన కేకేశాడు.

ఇంటికి పోయినా ఆ ఖాళీ టాపు అతన్ని వదల్లేదు. అన్నం ముందు కూర్చొని కలుపుతూనే ఉన్నాడు. భార్య చెంగమ్మ, "ఉప్పు చాల్లేదా?" అని అడిగింది.

"బండి నిలిచిపోలేదంటే ఆయన లేకనా, మూటలు లేకనా?" అన్నాడు.

"ఎవరాయన?"

చెప్పాడు. చెంగమ్మ విని, "నువ్వు విజిల్ వేసినావా?" అని మాత్రం అడిగింది.

*

మర్నాడు కూలివాళ్ళు పనిలోకి వచ్చారు. ఆగిన సరుకు టాపు నిండా ఎక్కింది. శివప్రకాశం రాలేదు. కనకమ్మసత్రం దాటాక బానెట్ కింద నుంచి తెల్లగా ఆవిరి లేచింది. దండపాణి బండిని పక్కకు తీసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకొని అలాగే కూర్చున్నాడు.

వెంకటపతి పొలం బోరు దగ్గర నుంచి నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చాడు. మోస్తుంటే నీళ్ళు తొణికి ప్యాంటు తడిసింది. అయినా అతనికి లోపల ఏదో హుషారుగా ఉంది.

"అన్నా, ఈ పొద్దు ఆయన లేడు" అన్నాడు రేడియేటరులో నీళ్ళు పోస్తూ.

"టీకొట్టు దగ్గర నిలబడి ఉండె. బండి పోతా ఉంటే చూసినాడు."

"ఎక్కితే ఆయన వల్ల. ఎక్కకపోతే చూసినందువల్ల. టీకొట్టు దగ్గర కూడా లేకపోయి ఉంటే?"

"నిన్న దించినాము కదా. కడుపు మండి ఉంటాది. ఇంట్లో ఉండే ఏమన్నా అనుకొని ఉంటాడు."

వెంకటపతి డబ్బా కింద పెట్టాడు. "సరేన్నా. ఒకటి చెప్పు. ఏం జరిగితే అది ఆయన వల్ల కాదని నువ్వు ఒప్పుకుంటావు?"

దండపాణి అతని వైపు చూశాడు. ప్రశ్న అర్థం కాక కాదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనుకోనట్టు చూశాడు. తరవాత బానెట్ ధడాలున మూసి, "నువ్వు నీళ్ళు పోస్తావా, కోర్టు పెడతావా?" అన్నాడు.

"మూటలన్నా. టాపు మీద మూటలున్న రోజే కాగతా ఉండాది. నిన్న మూటలు లేవు, కాగలా."

"మూటలు వద్దని మొదలాళికి నువ్వు చెప్తావా? రేడియేటరు ఓటిపోయింది మార్చండయ్యా అంటేనే, నీ చేతిలో లోపం పెట్టుకొని బండిని అంటావా అన్నాడు." దండపాణి గొంతు తగ్గింది. "పోనీరా. ఎవరో ఒకరి వల్ల అనుకుంటే సరిపోతాది."

*

గురువారం వెంకటపతికి సెలవు. సైకిలేసుకొని నేతవీధికి పోయాడు. ఎందుకు పోతున్నదీ అతనికి సరిగ్గా తెలియదు. క్షమించమని అడగడానికా? తను కనిపెట్టింది చెప్పడానికా? రెండోదే ఎక్కువ తొందర పెడుతోంది.

శివప్రకాశం గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు, కానీ నేయడం లేదు. పడుగులో నూలును అటూ ఇటూ పోనిచ్చే నాడె చేతిలో ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. గోడ పక్కన ఆయన భార్య సెల్లమ్మ రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. వెంకటపతిని చూసి రాట్నం ఆపలేదు.

"రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు శివప్రకాశం.

వెంకటపతి గడప మీదే కూర్చొని, బుధవారం బండి ఆగిన సంగతి, మూటల సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. సంతోషిస్తాడనుకున్న మనిషి నాడె వంకే చూస్తున్నాడు.

"నాకే అనుమానంగా ఉండాది తమ్ముడూ" అన్నాడు శివప్రకాశం. "రెండు రాత్రులుగా లెక్క వేస్తా ఉండా. మా అన్న బాయి తవ్వేటప్పుడు మొదటి గుద్దలి నాచేత వేయించినాడు. నీళ్ళు పడలా. మా బామ్మర్ది సైకిలు కొట్టు తెరిచినప్పుడు దీపం నేను ముట్టించినా. కొట్టు మూసేసినాడు. ఇట్లాంటివి తలచుకుంటే వస్తానే ఉండాయి. నిన్న ఎదురింట్లో పుట్టిన బిడ్డను చూసేదానికి పిలిస్తే నేను పోలా."

రాట్నం ఆగింది.

"వస్తాయి. ఎట్లా రావు?" అంది సెల్లమ్మ. "చెడినవే ఏరుకుంటా కూర్చుంటే చెడినవే వస్తాయి. ఈ వీధిలో ఎవరింట్లో కొత్త మగ్గం పెట్టినా మొదటి పోగు నీచేతనే వేయిస్తారే, అవన్నీ ఏమైనాయి? ఆడతా ఉండాయా లేదా? వినపడతా ఉండాదా లేదా?"

వీధంతా మగ్గాల చప్పుడు. పొద్దుటి నుంచీ ఉన్నదే. వెంకటపతికి అది అప్పుడే మొదలైనట్టు వినిపించింది.

"మీ అన్న ఊర్లో ఎవరి బాయిలో నీళ్ళు పడినాయి?" అందామె మళ్ళీ. "ఆ ఊర్లో అందరి గుద్దలీ నువ్వే వేసినావా?"

శివప్రకాశం నవ్వబోయాడు కానీ అది నవ్వు కాలేదు.

వెంకటపతికి ఉత్సాహం వచ్చింది. "అక్క చెప్పింది కరెక్టు. అన్నా, రేపు శుక్రవారం రా. సరుకు ఎట్లైనా పోవాల కదా. అందరికన్నా ముందు నువ్వే ఎక్కు. నేను టాపు మీద మూటలు ఎక్కనీయను. తిరువళ్ళూరు దాకా బండి ఆగకుండా పోతాది. అందరి కళ్ళ ముందర రుజువైపోతాది."

సెల్లమ్మ అతని వైపు తిరిగింది. చేతిలోని కండెను బుట్టలో పడేసింది.

"ఆగితే?"

"ఆగదక్కా."

"ఆగితే ఏమంటావు తమ్ముడా? బండి నడిస్తే మా ఆయన మంచోడు, ఆగితే చెడ్డోడు. ఆ డ్రైవరు అనేది అదే, నువ్వు అనేది అదే. మా ఆయనకు పరీక్ష యాల పెడతావు? పెట్టాలంటే బండికి పెట్టు."

వెంకటపతి లేచి సైకిలు తీశాడు. తిరిగి పోతుంటే సైకిలు పెడల్ మాటిమాటికీ జారింది. ఆమెకు అర్థం కాలేదని అనుకున్నాడు. ఊరు దాటేసరికి, అర్థం కానిది తనకేనేమో అనిపించి ఇంకా చిరాకు పుట్టింది.

*

శుక్రవారం శివప్రకాశం వచ్చాడు. సరుకు ఇంకా ఆలస్యమైతే ఇకమీదట నూలు ఇవ్వనని జవుళికొట్టాయన కబురు పెట్టాడట. వెంకటపతి ఆయన్ను చేయి పట్టుకొని అందరికన్నా ముందు ఎక్కించాడు. దండపాణి ఏదో అనబోయాడు.

"ఏమన్నా అయితే నాదే పూచీ అన్నా" అన్నాడు వెంకటపతి.

రేడియేటరు అంచుదాకా తనే నీళ్ళు నింపాడు. టాపు నిచ్చెన దగ్గర కాపలా నిలబడ్డాడు. అప్పుడొచ్చింది బెల్లం మండీ ఎద్దులబండి, దాని వెనకనే స్కూటరు మీద బండి యజమాని, మొదలాళి ధర్మలింగం.

"అన్నీ ఎక్కించు. కూలోళ్ళు రాక నిలిచిపోయిన సరుకు ఇంకా ఉండాది" అన్నాడు మొదలాళి.

"అయ్యా, బండి లాగదు. మూటల వల్లనే కాగతా ఉండాది."

"ఇంజను పెట్టింది లాగేదానికే. నువ్వు టికెట్ కొట్టేది చూసుకో."

మూటలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ప్రతి మూటకూ బండి కొంచెం కిందికి దిగింది. లోపల కిటికీ పక్కన శివప్రకాశం తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. ఆయన్ను దించెయ్యాలని వెంకటపతికి ఒక్క క్షణం అనిపించింది.  ఆపడానికి చేతకాని మూటలను వదిలేసి, దిగమంటే దిగే మనిషిని దించాలనుకుంటున్నాడు.

తిరుత్తణి దాకా బాగానే వచ్చింది. కనకమ్మసత్రం దాకా కూడా. ఆ తరవాత ఎండిన చెరువు పక్కన బండి రెండుసార్లు కుదిపి, ఆవిరి చిమ్మి, ఆగిపోయింది.

తలలు ఒక్కొక్కటే కిటికీ పక్క సీటు వైపు తిరిగాయి. శివప్రకాశం లేచాడు. వంగి సీటు కింద నుంచి మూటను లాగుతున్నాడు. అది కాళ్ళ మధ్య ఇరుక్కుంటే, పక్కనున్నవాళ్ళు కాళ్ళు తీశారు కానీ చేయి వేయలేదు.

వెంకటపతి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కూర్చో అన్నా."

"వద్దు తమ్ముడూ. నడిచి పోతా."

"కూర్చో. ఏమప్పా అందరూ, పైన మూటలుండాయి, వినపడలేదా మీకు స్ప్రింగులు మొత్తుకునేది? బుధవారం ఈయన లేడు, మూటలుండాయి. బండి ఆగింది."

"మూటలు ఎప్పుడూ ఉండేవే" అన్నాడు పాలక్యాన్లాయన. "ఎండ కూడా ఎప్పుడూ ఉండేదే. ఈయన ఎక్కినప్పుడే కదా ఆగేది."

"బుధవారం ఎక్కలేదంటా ఉండా కదా!"

"చూసినాడంట కదా."

 వెంకటపతికి ఎటు పోయినా ఒక గోడ. అరిచాడు. "సరే! ఆగిన రోజుల్లో ఎవరు ఉంటే వాళ్ళదే తప్పయితే, ఈయన బుధవారం లేడు. నేనుండాను. పోయిన సంతకు నేనుండాను, అంతకుముందు సంతకు నేనుండాను, ఇప్పుడూ నేనుండాను. ఆగినప్పుడల్లా ఉన్నవాణ్ణి నేనే! అట్లయితే నన్ను దించండి!"

అని నవ్వాడు. నవ్వుతారని ఎదురుచూశాడు. ఒక్కరూ నవ్వలేదు.

కోళ్ళగంపలామె గంప మీద వల సర్దుకుంటూ, "అదీ నిజమే" అంది. "ఎప్పుడూ ఈయనే కదా."

"నోటితో తానే చెప్తా ఉండాడు" అన్నారు ఇంకెవరో.

పాలక్యాన్లాయన వెంకటపతిని కింది నుంచి పైదాకా కొత్తగా చూశాడు. బయట రేడియేటరులో నీళ్ళు పోస్తున్న దండపాణి చేయి ఆగిపోయింది. నీళ్ళు ఇంజను పక్కనుంచి రోడ్డు మీదికి కారిపోతున్నాయి.

*

శనివారం పొద్దున తిరుత్తణిలోని బస్సు షెడ్డుకు మొదలాళి పిలిచాడు. కోపంగా లేడు. అదే వెంకటపతిని భయపెట్టింది.

"కొన్నాళ్ళు ఇంట్లో ఉండప్పా. జనం నీ బండి అంటే వద్దంటా ఉండారు. ఆగినప్పుడల్లా నేనే ఉండానని నువ్వే చెప్పినావంట."

"అయ్యా, నేను చెప్పింది అట్లా కాదు. అట్లా అనుకుంటే ఎంత తప్పో చూడండి అని—"

"చెప్పినావా లేదా?"

"చెప్పినా. కానీ—"

"అంతే కదా. నీ బదులు షణ్ముగం పోతాడులే."

విజిల్, సంచి బల్ల మీద పెట్టాడు. బయటికి వచ్చి ఎటు పోవాలో తెలియక తిరుత్తణి వీధుల్లో తిరిగాడు. ఆ మాటను ఇంకోలా చెప్పి ఉండవలసిందని ఎన్ని రకాలుగానో మార్చి చూసుకున్నాడు. ఎలా చెప్పినా కోళ్ళగంపలామె అదీ నిజమే అనే అంటోంది. ఇంటికొచ్చి చెంగమ్మకు చెప్పాక, అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే, నిజంగానే నేనేమో అన్న ఊహ ఒకటి చప్పుడు లేకుండా వచ్చి పోయింది. దువ్వెన ఆపి అద్దంలోకి చూశాడు. శివప్రకాశం నాడెను ఎందుకలా తిప్పి చూశాడో అప్పుడు తెలిసింది.

ఆదివారం సాయంత్రం దండపాణి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉన్నాడు.

"నిన్న సాయంత్రం ట్రిప్పులో మళ్ళా కాగింది" అన్నాడు.

వెంకటపతి అరుగు మీద పక్కకు జరిగాడు.

"శివప్రకాశం లేడు. ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. నువ్వూ లేవు. బండిలో అందరూ నన్నే చూస్తా ఉండారు వెంకటపతీ." తువ్వాలు మడిచి మళ్ళీ విప్పాడు. "ఆ పొద్దు నువ్వు నేనుండా నేనుండా అని చెప్తా ఉంటే నాకు చెమట పట్టింది. నువ్వున్నప్పుడల్లా నేనూ ఉండాను కదరా. ఇప్పుడు నువ్వు పోతివి. ఇంక మిగిలింది నేనే."

"నీ వల్ల కాదన్నా. రేడియేటరు ఓటిపోయింది. పైన మూటలు."

"నాకు తెలీదా? ఇరవై ఏండ్లుగా తోలతా ఉండా." ఆ మాట అనేసి దండపాణి తనే దాన్ని విన్నట్టు ఆగాడు.

"తెలిసీ ఆయన్ను దించినావా?"

దండపాణి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "తెలిసింది అనాలంటే మొదలాళి ముందర నిలబడాల. ఆయన రాశి అంటే ఎవరి ముందరా నిలబడే పని లేదు" అన్నాడు. "మంగళవారం నేను బండి తీయను. మూటలు ఎక్కితే తీయను. పొమ్మంటే పోతా."

"ఇప్పుడన్నా ఒప్పుకుంటావా, శివప్రకాశన్న రాశిలో ఏమీ లేదని?"

"అది వేరే" అన్నాడు దండపాణి మొహం పక్కకు తిప్పుకొని. "అది నాకు తెలీదు."

*

మంగళవారం వెంకటపతి తిరువళ్ళూరులో ఇంకో బస్సు కంపెనీలో పని అడగడానికి బయలుదేరాడు. పోవడానికి ఉన్నది అదే బండి. కండిగై స్టాపు చేరేసరికి అక్కడ గుంపు. ఇంజను ఆగి ఉంది. దండపాణి తన తలుపు తెరిచి మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా మొదలాళి. టాపు మీద సగం ఎక్కిన మూటలు.

"అవి దించితే తీస్తానయ్యా. లేకుంటే మీరే ఎవరినన్నా చూసుకోండి."

"ఎవరికి చెప్తా ఉండావు?"

"మీకే అయ్యా." మెట్టు మీది నుంచి లేవలేదు. "ఆగితే నేను కారణం అంటారు. నడిపేది నేనే కాబట్టి, ఎంత మోస్తాదో కూడా నేనే చెప్తా."

మొదలాళి చుట్టూ చూశాడు. సంత జనం ఎండలో నిలబడి ఉన్నారు. కోళ్ళగంపలామె, "ఎవరిదో ఒకరిది తెగ్గొట్టండప్పా, కోళ్ళు చచ్చిపోతాయి" అంది. కొంతసేపటికి మొదలాళి కూలివాళ్ళ వైపు చేయి విసిరి, స్కూటరు దగ్గరికి నడిచాడు. మూటలు ఒక్కొక్కటే కిందికి వచ్చాయి. కొత్త రేడియేటరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. వెంకటపతి ఉద్యోగం గురించి కూడా.

షణ్ముగం విజిల్ వేశాడు. జనం తలుపు దగ్గరికి కదిలి, అక్కడే ఆగిపోయారు. మెట్టుకు ఒక పక్క మూటతో శివప్రకాశం, ఇంకో పక్క వెంకటపతి. జనం వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడ్డారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వెక్కు తమ్ముడూ."

"నువ్వెక్కన్నా."

ఇద్దరూ కదల్లేదు. వెంకటపతి కాలు లేపి మళ్ళీ నేల మీదే పెట్టాడు. ఇదంతా తప్పని ఈ ఊరిలో అందరికన్నా బాగా తెలిసినవాడు తను. అయినా కాలు లేవలేదు.

వెనక నుంచి ఎవరో అతని భుజాన్ని మూటతో నెట్టారు. సెల్లమ్మ. ఈ వారం సరుకు రెండు మూటలైందని ఆమె కూడా బయలుదేరింది.

"జరగండయ్యా ఇద్దరూ. నిలబడాలంటే పక్కకు పోయి నిలబడండి. నాకు కొట్టు మూసేలోపల పోవాల."

ఇద్దరి మధ్య నుంచి మెట్టెక్కింది. ఖాళీ బండిలో కావలసినంత చోటు. డ్రైవరు వెనక సీటులోనే కూర్చొని, మూట పక్కన పెట్టుకొని, చెంగుతో మొహం తుడుచుకుంది. దండపాణి అద్దంలో ఆమెను చూశాడు. ఆమె కూడా అద్దంలో అతన్నే చూసింది.

"ఏమప్పా, పోనీయవా?" అంది.

దండపాణి ఇంజను స్టార్టు చేశాడు.